కల్లు మానాక కూడా ఆయన తానుగా లేడెందుకు?

పోయిన సంవత్సరం వరికోతల దినాలలో మెతుకు సీమలోని ఒక పల్లె సంఘానికి కుటుంబ కూడికల కొరకు వెళ్లాం. రెండవ రాత్రి ఆరాధన ముగిసింది. అందరూ చాపలు చుట్టుకొని ఇళ్లకు వెళ్తున్నారు. ఒక సహోదరి మాత్రం స్తంభం పక్కన నిలబడిపోయింది. కాపరిగారు పిలిచి అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని మెల్లగా చెప్పింది.

"అయ్యగారూ, ఆయన మళ్ల తాగుతుండని అందరంటున్నరు. తాగలే. నేనే నోరు వాసన జూసిన. గాని రాత్రి నన్ను గుర్తువట్టలే. చిన్నపోరని లెక్క ఏడ్శిండు. నన్ను మళ్ల ఆడికి పంపకు అమ్మా అన్నడు. నన్నే అమ్మా అన్నడు అయ్యగారూ."

ఆమె భర్త తాపీమేస్త్రి. ఇరవై ఐదేళ్లు విడవకుండా కల్లు తాగినవాడు. ఆసుపత్రిలో చేరి, మాని, అప్పటికి ఎనిమిది నెలలు. ఈస్టరు ఆరాధనలో లేచి సాక్ష్యం కూడా చెప్పాడు. సంఘమంతా సంతోషించింది. ఆ తరువాత కొన్ని నెలలకు ఇది మొదలైంది. పని చేస్తూ చేస్తూ తాపీ చేతిలో పట్టుకొని అలాగే నిలబడిపోతాడు. పిలిస్తే పలకడు. ఒక రాత్రి ఇల్లు విడిచి వెళ్లి, తెల్లారి పాత మోటబావి దగ్గర కనిపించాడు. ఎలా వచ్చాడో తనకే తెలియదు. పలకడం మొదలుపెట్టాక మామూలు మనిషే. జరిగింది అడిగితే సిగ్గుపడతాడు, లేదా కోపపడతాడు.

ఊళ్లో ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పారు. దొంగచాటుగా తాగుతున్నాడని పెద్దలు. బాణామతి అని పక్కింటివాళ్లు. అపవిత్రాత్మ అని ప్రార్థన గుంపువాళ్లు. పని ఎగ్గొట్టడానికి వేషాలని గుత్తేదారు. మేమైనా ఆ రాత్రి వాళ్లకన్నా ఎక్కువ తెలిసినవాళ్లం కాము. ప్రార్థన చేశాం. తెల్లవారి కాపరిగారితో కలిసి ఆ దంపతులను జిల్లా ఆసుపత్రిలోని మానసిక విభాగానికి తీసుకొని వెళ్లాం. అక్కడ నేర్చుకొన్నవి, ఆ తరువాత చదివి తెలుసుకొన్నవి ఇక్కడ రాస్తున్నాం. ఇది రాసి ఆ దంపతులకు చదివి వినిపించాం. పేరు, ఊరు వద్దన్నారు, మిగిలినది వేయమన్నారు.

డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న

"చివరిసారి తాగింది ఎప్పుడు?" అని అడిగారు. ఎనిమిది నెలలైందని భార్య చెబితే ఆమె మాట నమ్మి, తరువాతి ప్రశ్నకు వెళ్లారు. ఆ ప్రశ్న ఎందుకంత ముఖ్యమో మాకు తరువాత అర్థమైంది. తాగుడు మానిన మనిషి తానుగా లేకుండా పోవడానికి కారణాలు వేరువేరుగా ఉంటాయి. వాటిని విడదీసేది ఆ లెక్కే.

మానిన మొదటి వారంలో కనబడేది ఒకటి. ప్రతిదినం తాగే ఒంటికి ఒక్కసారిగా మద్యం అందకపోతే మొదటి రోజే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. రెండు రోజుల లోపల ఫిట్స్ రావచ్చు. రెండు మొదలు నాలుగు రోజుల మధ్య కొందరికి మతి చెదిరిపోతుంది. గోడమీద పురుగులు పాకుతున్నాయంటారు, లేని మనుష్యులతో మాట్లాడతారు, ఇంట్లో ఉండి ఇంటికి పోదామంటారు. దీన్ని డాక్టర్లు డిలీరియం ట్రెమెన్స్ అంటారు. ఇది ప్రాణాపాయం. ఈ స్థితిలో ఉన్నవాణ్ణి గదిలో పెట్టి తలుపు వేసి ప్రార్థన చేస్తూ కూర్చుంటే, తెల్లారేసరికి మనిషి ఉండకపోవచ్చు. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చి, దారి పొడుగునా ప్రార్థన చేయవచ్చు.

తెలంగాణ పల్లెలవారు ఇక్కడ ఇంకొక సంగతి గమనించాలి. చెట్టు కల్లు వేరు, కల్తీ కల్లు వేరు. కల్తీ కల్లులో అల్ప్రజోలం, డయజిపామ్ వంటి నిద్రమాత్రల మందులు, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. తాగేవాడు తాను కల్లుకు అలవాటుపడ్డాననుకొంటాడు. నిజానికి అలవాటుపడింది ఆ మందుకు. 2015 సెప్టెంబరులో రాష్ట్రంలో కల్తీ కల్లు మీద దాడులు పెరిగి దుకాణాలు మూతపడినప్పుడు వందలాదిమంది ఫిట్స్‌తో, మతి తప్పి, హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికీ జిల్లా ఆసుపత్రులకూ వచ్చారు. ఆడవాళ్లు కూడా ఉన్నారు. ఎన్నో ఏళ్లుగా రోజూ తాగినవారు ఇంట్లోనే ఒక్కసారిగా మానవద్దని డాక్టర్లు చెప్పేది అందుకే. మానాలి, కాని డాక్టరు పర్యవేక్షణలో, తగ్గించుకొంటూ.

ఇంకొకటి తాగినప్పటి మరపు. రాత్రి నడిచి ఇంటికి వచ్చాడు, భార్యతో పోట్లాడాడు, పిల్లవాణ్ణి కొట్టాడు. తెల్లారితే ఏమీ జ్ఞాపకం లేదంటాడు. చాలామంది భార్యలు ఇది బుకాయింపు అనుకొంటారు. కొన్నిసార్లు బుకాయింపే. కాని పరగడుపున, వేగంగా ఎక్కువ తాగినప్పుడు మెదడులో జ్ఞాపకాలను రాసుకొనే భాగం పనిచేయడం ఆగిపోతుంది. రాయని పుస్తకంలో వెతికితే ఏమి దొరుకుతుంది? బ్లాకవుట్ అనేది ఇదే. జ్ఞాపకం లేదు గనుక తప్పు లేదని మేము అనడం లేదు.

సంవత్సరాల తరబడి తాగి, తిండి తినక బి1 విటమిను తరిగిపోయినవారికి వచ్చే మరపు మరొకటి. నడక తూలుతుంది, కళ్లు అదురుతాయి, నిన్నటి సంగతి నిలవదు. లేని సంగతులు ఉన్నట్టే చెబుతారు. పల్లెల్లో నీరసంగా ఉన్నాడని వెంటనే గ్లూకోజు సీసా ఎక్కిస్తారు. ఇటువంటివారికి ముందు థయమిన్, అంటే బి1, ఇంజెక్షన్ ఇవ్వాలి. లేకపోతే గ్లూకోజు వల్లనే కీడు ఎక్కువ కావచ్చు. ఇది మీ ఊరి ఆర్‌ఎంపీకి కూడా చెప్పండి.

మన మేస్త్రి విషయంలో ఇవేవీ కావు. ఎనిమిది నెలలైంది. రక్తపరీక్షలు చేశారు, ఫిట్స్ కాదని తేల్చుకొనడానికి తలకు వైర్లు పెట్టి ఈఈజీ తీశారు. తరువాత మమ్మల్ని బయట కూర్చోబెట్టి ఆయనతో గంటకు పైగా మాట్లాడారు. ఇది డిసోసియేషన్ కావచ్చునని ఆ రోజు చెప్పారు. అదేనని నిర్ధారించడానికి ఇంకా మూడుసార్లు పిలిచారు.

మనసు పక్కకు తప్పుకొనడం

డిసోసియేషన్ అనే మాట కొత్తగా ఉన్నా సంగతి కొత్తది కాదు. ఫ్రాన్సు దేశపు పియేర్ జానే ఈ విషయమై 1889లోనే పెద్ద గ్రంథం రాశాడు. దీనిలో చిన్నపాటిది మనందరికీ ఉంటుంది. ఏదో ఆలోచిస్తూ సైకిలు తొక్కుతూ ఉంటాం, తిరగవలసిన మలుపు దాటిపోతాం. దారిలో ఏమి చూశామో గుర్తుండదు. అది జబ్బు కాదు.

కాని ఒక చిన్న పిల్లవాణ్ణి కట్టేసి కొడుతున్నారనుకోండి. తప్పించుకోలేడు, ఎదిరించలేడు. కాళ్లు పారిపోలేనప్పుడు మనసు పారిపోతుంది. ఇది నాకు జరగడం లేదు, ఎవరికో జరుగుతున్నది అన్నట్టు పక్కకు తప్పుకొంటుంది. ఆ దినాన అది వాణ్ణి కాపాడుతుంది. ఇలా మళ్లీ మళ్లీ జరిగితే మనసుకు అదే అలవాటవుతుంది. పెద్దయ్యాక ఆ దెబ్బలను గుర్తుచేసే ఒక వాసన, ఒక కేక, ఒక తాడు చాలు, మనిషి తప్పుకొంటాడు. కొందరికి కొంత కాలం మొత్తం మరపున పడిపోతుంది. కొందరికి తమ చేతులు తమవి కానట్టు, లోకమంతా పొగమంచులో ఉన్నట్టు తోస్తుంది. కొందరు ఇల్లు విడిచి వెళ్లిపోతారు. మరికొందరిలో వేరే వ్యక్తి, వేరే గొంతు, వేరే వయస్సు బయటికి వస్తాయి.

మేస్త్రి తొమ్మిదవ ఏట తండ్రి చేసిన అప్పు కింద ఒక ఆసామి దగ్గర జీతానికి కుదిరాడు. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లోనే వచ్చింది. అప్పటికి పది సంవత్సరాలు దాటింది. అయినా కుదిర్చారు. ఎడ్లు చేనిలో పడితే ఆ పిల్లవాణ్ణి బావి దగ్గరి వేపచెట్టుకు పలుపుతాడుతో కట్టేసేవారు. రాత్రంతా. అంతకన్నా చెడ్డవి కూడా జరిగాయి. అవి ఇక్కడ రాయం. పన్నెండవ ఏట తోటి జీతగాడు కల్లు అలవాటు చేశాడు. "తాగితే నిద్ర వస్తుండె, అవి యాదికి రాకపోతుండె" అని ఆయనే చెప్పాడు.

చెరువులో నీళ్లు నిండుగా ఉన్నంతకాలం అడుగున ఏముందో కనబడదు. ఇరవై ఐదేళ్లు కల్లు ఆ నీళ్ల పని చేసింది. నీళ్లు తీసేశాక అడుగున ఉన్నది పైకి వచ్చింది. మనం అది చూసి, మళ్లీ తాగుతున్నాడని అన్నాం.

ఈ రెండింటికీ, అంటే తాగుడుకూ మనసు తప్పుకొనడానికీ ఉన్న సంబంధాన్ని డాక్టర్లు చాలాకాలంగా పరిశీలిస్తున్నారు. కెనడాకు చెందిన కాలిన్ రాస్, ఆయన తోటివారు 1992లో ప్రచురించిన పరిశీలనలో మద్యానికీ మత్తుమందులకూ బానిసలైన 100 మందిని చూస్తే 39 మందిలో ఏదో ఒక విధమైన డిసోసియేటివ్ జబ్బు కనబడింది. ఆ లెక్క ఎక్కువని అనుకొన్నవారున్నారు. 2005లో టర్కీ దేశంలో చికిత్సకు చేరిన 215 మందిని చూశారు. దాదాపు 17 శాతం మందిలో కనబడింది. వారిలో ఎక్కువమందికి ఆ లక్షణాలు మత్తు అలవాటుకన్నా ముందే ఉన్నాయి. చిన్నతనంలో హింసకు, నిర్లక్ష్యానికి గురైనవారు వారిలో ఎక్కువ. ఈ జబ్బు ఉన్నవారే చికిత్స మధ్యలో మాని వెళ్లిపోయేవారిలో కూడా ఎక్కువని ఆ పరిశీలనలోనే తేలింది.

ఈ చివరి సంగతి దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాం. చికిత్స నుండి పారిపోయినవాణ్ణి మనం ఏమంటాం? మనసు గట్టిగా లేదంటాం, మారుమనస్సు నిజం కాదంటాం. కల్లు మానిన ప్రతివాడికీ ఈ జబ్బు ఉంటుందని కాదు, చాలామందికి ఉండదు. ఉన్నవాడికి మాత్రం మానడమంటే తనను కాపాడుతున్న ఒక్క తడికను చేతులారా పీకేయడమే. ఆ వెనుకనున్నది చూడలేక మళ్లీ దుకాణానికి వెళ్తాడు.

తాగుతూ ఉన్న మనిషిలో దీన్ని తేల్చలేరు. మరపు మద్యం వల్ల కలిగినదైతే ఈ జబ్బు కింద లెక్కించకూడదని వైద్య గ్రంథాలే చెబుతున్నాయి. 1986లో అమెరికాలో తయారైన 28 ప్రశ్నల పట్టిక ఒకటి డాక్టర్లు వాడుతుంటారు. మత్తులో లేనప్పటి అనుభవాలే చెప్పమని అందులో మొదటే అడుగుతారు. గనుక "మానిన తరువాత కూడా ఇలా అవుతున్నది" అని ఇంటివాళ్లు చెప్పే మాటకు ఎంతో విలువ ఉన్నది. ఆ సహోదరి భర్త నోరు వాసన చూసి వచ్చి చెప్పిన మాటతోనే డాక్టరుగారి పని సగం అయింది.

మన మందిరాల్లో జరిగేది

దయ్యాల మాట ఎత్తకుండా ఈ వ్యాసం ముగించలేం. గెరాసేనుల దేశపు మనుష్యుని సంగతి మన విశ్వాసులందరికీ తెలుసు. ఆ అధ్యాయం తెరిచి ఎవరైనా మమ్మల్ని అడగవచ్చు. మత్తయి సువార్త నాలుగవ అధ్యాయం చివర కూడా చూడండి. ప్రభువు దగ్గరకు తెచ్చినవారిలో దయ్యము పట్టినవారిని వేరుగాను, చాంద్రరోగులను వేరుగాను, పక్షవాయువు గలవారిని వేరుగాను చెప్పాడు. మతి తప్పిన ప్రతివాణ్ణి ఒకే గాట కట్టలేదు. మనం మాత్రం కడుతున్నాం.

మేము చూసినది చెబుతున్నాం. మేస్త్రిని ఒక ఊరి ఉపవాస కూడికకు తీసుకొని వెళ్లారు. పదిమంది చుట్టూ నిలబడి, భుజాలు నొక్కిపట్టి, "నీ పేరేమిటి, చెప్పు" అని గంటసేపు గద్దించారు. చివరికి ఆయన ఒక పేరు చెప్పాడు. అందరూ కేకలు వేశారు. ఆ పేరు, తన చిన్నతనంలో తనను కొట్టిన ఆసామిదని తరువాత డాక్టరుగారితో చెప్పాడు. నొక్కిపట్టి, గద్దించి, తప్పించుకోలేకుండా చేయడమంటే ఆయనకు అది మళ్లీ ఆ వేపచెట్టే. ఆ రాత్రి తరువాతనే ఇల్లు విడిచి బావి దగ్గరకు వెళ్లాడు. ఆ పదిమంది దుర్మార్గులు కారు. ఉపవాసముండి, ఆయన కొరకు కన్నీరు కార్చినవాళ్లే.

పూనకం, దయ్యం పట్టడం వంటి స్థితుల పేర్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ 1992లో ప్రచురించిన జబ్బుల పట్టికలోనే ఉన్నాయి. 2022 నుండి అమలులోకి వచ్చిన కొత్త పట్టికలోను ఉన్నాయి. ఒక సమాజపు ఆరాధనలో భాగంగా, అందరూ ఒప్పుకొన్న రీతిలో జరిగేదాన్ని జబ్బు అనకూడదని కూడా అందులోనే రాశారు. మనిషికి ఇష్టం లేకుండా వచ్చి, అతని బ్రతుకును చెడగొట్టేదే జబ్బు.

గొలుసులతో కట్టడం గురించి ఒక్క మాట. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా దగ్గరి ఒక ఆశ్రమం వంటి చోట గొలుసులతో కట్టి ఉంచిన మతిస్థిమితం లేనివారు నిప్పంటుకొని 28 మంది చనిపోయారు. పారిపోలేకపోయారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం రోగిని గొలుసులతో కట్టడం నిషేధం. తాగుడు మాన్పిస్తామని చెప్పి, తాళం వేసి కొట్టే కేంద్రాలు ఇప్పటికీ ఉన్నాయి. చేర్చే ముందు రిజిస్ట్రేషను ఉన్నదా, డాక్టరు ఉన్నాడా అని అడిగి చూసుకొనండి. చిన్నప్పుడు దెబ్బలు తిన్నవాణ్ణి దెబ్బలతో బాగుచేయలేం.

మా తప్పు కూడా ఒకటి ఉన్నది. మద్యం మానినవారి సాక్ష్యాలు ఈ పత్రికలో ఎన్నో వేశాం. మానిన ఆరు నెలలకు వారెలా ఉన్నారో అడిగి తెలుసుకొన్నది తక్కువ. కొన్ని సంఘాల్లో బాల్యంనుండి జరిగినదంతా మైకులో చెప్పమని బలవంతపెడతారు. మేస్త్రి ఈస్టరు రోజున ఆ వేపచెట్టు సంగతి మొదటిసారిగా నోరు విప్పి చెప్పింది మూడువందలమంది ఎదుట. చప్పట్లు కొట్టి, పాట పాడి, అందరం భోజనానికి వెళ్లిపోయాం. తరువాత ఆయన దగ్గర ఎవరూ కూర్చోలేదు. ఇటువంటి సంగతి ఎప్పుడు, ఎంత, ఎవరితో చెప్పుకోవాలో ఆ మనిషికే విడిచిపెట్టాలి.

చికిత్స ఎలా సాగుతున్నది

డిసోసియేషన్‌కు ఇదీ అని ప్రత్యేకమైన మాత్ర లేదు. దిగులుకు, నిద్రకు అవసరమైతే మందు ఇస్తారు. మందుల దుకాణంలో అడిగి నిద్రమాత్రలు కొనుక్కోవడం మాత్రం ఈ రోగులకు చాలా ప్రమాదం. కల్తీ కల్లులో కలిపేది ఆ జాతి మందే గదా! ముఖ్యమైనది మాటలతో చేసే చికిత్స. పాత సంగతులను వెంటనే తవ్వరు. ముందు మనిషి నిలదొక్కుకోవాలి: తాగుడుకు దూరంగా ఉండాలి, నిద్ర పట్టాలి, ఇంట్లో భయం లేకుండా ఉండాలి. ఆ తరువాత, కొంచెం కొంచెంగా, గతంలోకి వెళ్తారు. నెలలు పడుతుంది. కొందరికి సంవత్సరాలు.

ఇంట్లో ఏమి చేయాలో ఆ సహోదరికి నేర్పారు. ఆయన తప్పుకొన్నట్టు కనబడితే వెనుకనుండి ముట్టుకోకూడదు, కుదపకూడదు. ఎదురుగా, కొంచెం దూరంగా కూర్చొని మెల్లగా తన పేరు, ఆయన పేరు, ఇది ఫలానా ఇల్లు, ఈ దినం ఫలానా తారీఖు అని చెప్పాలి. అరికాళ్లు నేలకు ఆనించమనాలి. చేతికి చల్లని నీళ్ల చెంబు ఇవ్వాలి. కనబడుతున్న వస్తువులు అయిదు చెప్పమనాలి. ఎవరు నువ్వు, ఎక్కడినుండి వచ్చావు అని వేరే గొంతును విచారించకూడదు. తిరిగి వచ్చాక తిట్టకూడదు. చచ్చిపోతానన్న మాట వస్తే ఒంటరిగా విడువకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకొని వెళ్లాలి.

పల్లెలోనుండి డాక్టరును చేరడం కష్టమైతే 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవ అది. డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులో మాట్లాడతారు. మత్తు మానే విషయమై సలహాకు 14446 ఉన్నది.

మొన్న సంక్రాంతి తరువాత మళ్లీ ఆ ఊరికి వెళ్లాం. మేస్త్రి పనికి వెళ్తున్నాడు, కాని ఎత్తు మీద పని చేయనివ్వడం లేదు. నెలకు ఒకసారో రెండుసార్లో ఇప్పటికీ తప్పుకొంటాడు. దీపావళి సమయంలో ఒకసారి తాగాడు. దాచకుండా తానే డాక్టరుగారితో చెప్పాడట. కాపరిగారు ఆయనతో నెలకొక మంగళవారం బస్సులో ఆసుపత్రికి వెళ్తున్నారు. స్త్రీల మైత్రివారు ఆ రోజు ఆ ఇంటి పిల్లలకు వంట చేసి పెడుతున్నారు. ఆయన మంచం కింద నీళ్ల చెంబు ఉంటుంది. ఆరవ తరగతి చదివే కూతురు ప్రతి ఉదయం బడికి వెళ్లేముందు తలుపు మీద సుద్దముక్కతో ఆ రోజు తారీఖు పెద్ద అక్షరాలతో రాస్తుంది. మేము వెళ్లిన రోజు మధ్యాహ్నం ఆయన గుమ్మంలో కూర్చొని ఉన్నాడు. మమ్మల్ని చూసి వెంటనే లేవలేదు. తలుపు వైపు తిరిగి ఆ తారీఖు చదువుకొన్నాడు. తరువాత లేచి, "కూసోండ్రి అయ్యగారూ" అని చాప పరిచాడు.